ఎత్తుడుగుండు వెంట హైదరాబాదుకు

ముందే ఒప్పుకుంటాను. మా ఊరి గుండును హైదరాబాదుకు సాగనంపిన తెలివితక్కువవాణ్ణి నేనే. దొంగలెవరూ రాలేదు. నేనే ఉత్తరం రాసి, నేనే బంతిపూల దండ వేసి, నేనే కొబ్బరికాయ కొట్టి లారీ ఎక్కించాను. ముప్పై రెండేళ్లు బడిలో సాంఘికశాస్త్రం చెప్పి రిటైరైనవాణ్ణి. శాస్త్రం గట్టిగా పట్టుకుని సంఘాన్ని ఎక్కడ జారవిడిచానో నాకే తెలియలేదు.

మా ఊరు పత్తికొండకూ ఆదోనికీ నడుమ ఉంది. ఊళ్లో పీర్ల సావిడి ముందు ఒక నల్లరాతి గుండు ఉండేది, పెద్ద గుమ్మడికాయంత. పీర్ల పండుగనాడు గుండం రాజెయ్యక ముందు, దాన్ని భుజానికెత్తి గుండం చుట్టూ ఒక్క చుట్టు తిరగాలి. హిందువా ముస్లిమా అని అడిగేవాళ్లు లేరు, నడుములో సత్తువ ఉంటే చాలు. ఎత్తినవాడి పేరుమీద గుండుకు ఒక గాటు పెడతారు. అయితే అదేరోజు పెట్టరు, మరుసటి ఏడు పండుగ పొద్దున పెడతారు. ఆ ఏడాదంతా వాడు తన బలాన్ని ఎవరిమీదా చూపకూడదు. పెళ్లాం మీద గానీ, పొలం గట్టు దగ్గర గానీ, సారాయి అంగట్లో గానీ చెయ్యెత్తాడంటే గాటు లేదు. మా ఊళ్లో రాయెత్తినవాళ్లు శానామంది ఉన్నారు. గాట్లు మాత్రం పదకొండే.

పన్నెండో గాటు మస్తానుది కావాలి. మస్తాను ఆదోని పత్తి మార్కెట్టులో హమాలీ. వాళ్ల తాత దూదేకి బతికినవాడు, మనవడేమో పోయినేడు పండుగకు రాయెత్తాడు. పదిహేనేళ్ల తర్వాత ఎత్తినవాడతనే. ఆ తర్వాత గుంటూరు మిరప యార్డుకు పనికి పోయాడు. సరిగ్గా అప్పుడే నాకు పరిశోధన పుట్టింది.

హైదరాబాదులో ఒక సంస్థ సైనిక చరిత్ర మ్యూజియం పెట్టిందనీ, పాత యుద్ధ వస్తువులు కావాలనీ పేపర్లో చదివాను. సావిడి ముందు గుండు కళ్లముందు మెదిలింది. ఆదోని కోట మీద పడ్డ ఫిరంగి గుండు కాక ఇంకేమిటి? రాయి కొట్టే తిరుపాలు అడ్డం పడ్డాడు.

"సారూ, అది మా జేజినాయన చెక్కినాడు. మన గుట్ట రాయే. యుద్ధమూ లేదు, పాడూ లేదు."

"నీకు చరిత్ర తెలీదులే తిరుపాలూ" అన్నాను. ఆ మాట ఇప్పుడు గుర్తొస్తే నా బోడిగుండు మీద నేనే మొట్టుకోవాలనిపిస్తుంది. అతనికి తెలిసిందే చరిత్ర. నాకు తెలిసింది పాఠ్యపుస్తకం. ఊరి పేరు పట్నంలో బోర్డుకెక్కుతుందని పెద్దమనుషులకు ఆశపెట్టి ఒప్పించాను.

మస్తాను గుంటూరు నుంచి వచ్చిన రోజున నన్ను తిట్టలేదు. తిట్టుంటే బాగుండేది. గుండు ఉన్నచోట మిగిలిన గుంతలో చెయ్యి పెట్టి, "పన్నెండోది యాడ కొడతారు సారూ?" అని మాత్రం అడిగాడు. ఆ మర్నాడు తిరుపాలు నన్ను గుట్టకు తోలుకపోయి, రాయి తీసిన తావు చూపించాడు. ఉలి వాతలు ఇంకా అట్లే ఉన్నాయి. పండుగ నెలన్నర దూరంలో ఉంది. గుండును వెనక్కి తేవాలని నేనూ మస్తానూ బయల్దేరాము.

కర్నూలు: ఉగ్గాని

కర్నూలు బస్టాండు బయట ఒకామె ఉగ్గాని అమ్ముతుంది. బొరుగులు నానబెట్టి, తిరగమోత పెట్టి, పప్పులపొడి చల్లి, పక్కన రెండు మిరపకాయ బజ్జీలు పెట్టి నలభై రూపాయలకు ఇచ్చింది. నేను చదువుకునే రోజుల్లో ఇదే పొట్లం రూపాయికి వచ్చేది. అయితే బజ్జీ కారం మాత్రం అప్పటి ధరకే వస్తోంది.

మస్తాను చంకలో గోనెపట్టలు చుట్టి కట్టిన పెద్ద చుట్టకుదురు ఉంది. వచ్చేటప్పుడు బస్సులో గుండు దొర్లకుండా కింద పెట్టడానికి. ఆమె దాన్ని చూసి, "యాడికప్పా పొద్దున్నే?" అంది.

"హైదరాబాదుకుమ్మా. రాయి తెచ్చుకునేకి" అన్నాడు మస్తాను.

ఆమె గరిటె ఆపింది. "ఈడ లేవా రాళ్లు? మా ఇంటెనక ఉండాయి, పుణ్యానికి తీసుకపో. దుడ్లు గూడా ఇయ్యాల్సిన పన్లే."

మస్తాను నవ్వాడు. నేనూ నవ్వాను గానీ బజ్జీ కొరుకుడు పడలేదు. రాయలసీమ నుంచి హైదరాబాదుకు రాయి కోసం పోవడం అంటే సముద్రంలో ఉన్నవాడు ఉప్పు కొనడానికి ఊరికి బయల్దేరినట్టే. ఆ దౌర్భాగ్యం తెచ్చిపెట్టినవాడు ఆమె ముందే కూర్చుని రెండో ప్లేటు అడుగుతున్నాడు.

బస్సెక్కాక కండక్టరు చుట్టకుదురును కాలితో తాకి, "ఇందులో ఏముండాది?" అన్నాడు.

"ఇప్పుడేం లేదు సార్. వచ్చేటప్పుడుంటాది" అన్నాడు మస్తాను.

"వచ్చేటప్పుడు ఈ బస్సు ఎక్కాకండి" అన్నాడు కండక్టరు.

హైదరాబాదు: ప్రవేశం ఉచితం

మా ఊళ్లో ఎవరింటికి పోయినా కూర్చోకముందే చెంబుతో నీళ్లిస్తారు. ఇక్కడ హోటల్లో కూర్చోగానే "బాటిలా? నార్మలా?" అని అడిగారు. నార్మల్ అంటే ఆ కుర్రవాడు మమ్మల్ని చూసిన చూపు మాత్రం నార్మల్‌గా లేదు. టీ ఇరవై ఐదు రూపాయలు. మస్తాను గ్లాసు ఎత్తి చూసి, "సారూ, ఇది మా ఆదోనిలో రుచి చూసేకి ఇచ్చేంత" అన్నాడు.

మ్యూజియం గేటు మీద పెద్ద అక్షరాలు: ప్రవేశం ఉచితం. నిజమే. చెప్పులు పెట్టడానికి పది రూపాయలు, సంచి పెట్టడానికి ఇరవై, ఫోనుతో ఫోటో తీస్తే యాభై. చుట్టకుదురును సంచి అనాలా, చెప్పు అనాలా తేలక లోపలివాళ్లు బయటివాళ్లను, బయటివాళ్లు లోపలివాళ్లను అడిగారు. చివరికి సంచి కిందనే లెక్క. ప్రవేశం ఒక్కటే ఉచితం, తక్కినదంతా అనుచితం.

లోపల అద్దాల వెనక తుపాకులు, కత్తులు, పతకాలు, యూనిఫారాలు తొడిగిన మట్టి సైనికులు. సైనికులందరికీ ఒకే ముఖం, ఒకే తెలుపు.

"వీళ్ల మీసాలు ఎవురో స్కెచ్చు పెన్నుతో గీసినట్టుండాయి" అన్నాడు మస్తాను. అప్పటిదాకా మాకు బాగానే ఉంది.

నడిమి హాల్లో మా గుండు కనిపించింది.

నడుమెత్తు దిమ్మె మీద ఒక సన్నటి ఇనప కడియం, దానిమీద గుండు, చేతిగాజు మీద గుమ్మడికాయను నిలబెట్టినట్టు. రాయికి నూనె పూసి నిగనిగలాడించారు. పైభాగంలో తెల్ల పెయింటుతో ఒక నంబరు వేశారు. గాట్లు ఎక్కడా కనిపించలేదు. పక్కన ఒక చిన్న ఫిరంగి. దాని నోట్లో కొబ్బరికాయ పట్టినా గొప్పే. ముందు బోర్డు:

'గండికోట యుద్ధాల నాటి ఫిరంగి గుండు. దీన్ని పైకెత్తడానికి ఐదుగురు సైనికులు అవసరమయ్యేవారు.'

కింద దాత పేరు. అది మా ఊరి పేరు కాదు. సంస్థలో ఎవరో పెద్దమనిషి పేరు. ఆయన మా ఊరు చూడలేదు, మా రాయి తాకలేదు.

నాకు ఒళ్లు మండింది. నేను రాసిన ఉత్తరమే తప్పు, సరే. కానీ ఆ తప్పులో అయినా ఆదోని ఉంది, మా ఊరుంది. వీళ్లు ఊరిని కూడా మింగేశారు. మా ఊరికి గండి కొట్టి, ఎవరికో కోట కట్టారు. మస్తాను బోర్డును రెండుసార్లు చదివాడు. మూడో తరగతి దాకా చదువుకున్నాడు గనక కూడబలుక్కుని చదివాడు. ఆ నిదానం చూస్తుంటే నాకు ఇంకా కోపం వచ్చింది.

అధికారి గది

అధికారి మర్యాదస్తుడే. నాకు కుర్చీ చూపించాడు. మస్తానుకు చూపించలేదు. నేను సర్పంచి ముద్ర వేసిన కాగితం ఇచ్చి, గుండు మాది, యుద్ధంతో సంబంధం లేనిది, దయచేసి తిరిగి ఇప్పించండి అన్నాను.

"చూడండి మాస్టారూ, ఒకసారి రిజిస్టరులో ఎక్కిన వస్తువు దిగదు."

"ఎక్కితే దిగకపోవడానికి అది దయ్యమా అండీ?"

ఆయన నవ్వలేదు. "అది ఫిరంగి గుండు కాదని ఆధారం ఏమిటి?"

"అవునని ఆధారం ఏమిటి?"

ఆయన ఫైలు తెరిచి ఒక కాగితం తీశాడు. నా చేతిరాత దూరం నుంచే గుర్తుపట్టాను. "రాయలసీమ చరిత్ర పరిశోధకులు ఒకరు స్పష్టంగా రాశారు."

"ఆ పరిశోధకుణ్ణి నేనే."

"మరింకేం, మీ మాటే కదండీ!"

"ఆ మాట తప్పు."

"తప్పంటే ఎలా నమ్మమంటారు? వినండి. 'ఇందులో ఇసుమంతైనా సందేహానికి తావు లేదు.' కింద రెండు గీతలు కూడా కొట్టారు."

నిజమే, కొట్టాను. పిల్లలు పరీక్షలో అలా రాస్తే అర మార్కు కోసేవాణ్ణి.

"పోనీ, గండికోట ఎందుకు రాశారు? నేను ఆదోని అని రాశాను."

"ఆదోని అంటే ఇక్కడ ఎవరికి తెలుసు మాస్టారూ? గండికోట అయితే అందరూ ఫోటోల్లో చూసి ఉంటారు."

అప్పటిదాకా తలుపు దగ్గర నిలబడ్డ మస్తాను మెల్లగా అన్నాడు. "సార్, ఆ ఫిరంగి నోట్లో మా గుండు పట్టదు గదా."

అధికారి ముఖం ఎర్రబడింది. "నువ్వెవడివి? మధ్యలో మాట్లాడతావేంటి? వీణ్ణి బయట నిలబెట్టు" అన్నాడు అటెండరుతో.

నాకేమో 'మీరు'. నూట పది కిలోల పత్తి బోరాలు మోసేవాడికి 'నువ్వు', ఇంకో వాక్యం దాటగానే 'వీడు'. అటెండరు వచ్చి మస్తాను రొమ్ము మీద చెయ్యి పెట్టి నెట్టాడు. మస్తాను గట్టిగా ఊపిరి వదిలితే ఆ అటెండరు కిటికీలోంచి పోయి పడేవాడు. కానీ మస్తాను రెండు చేతులూ వెనక్కి కట్టుకుని, నెట్టినంత దూరం వెనక్కి నడిచాడు. నేను లేచి ఏదేదో అరిచాను. ఏమరిచానో సరిగ్గా గుర్తులేదు. 'సంస్కారం' అన్న మాట రెండుసార్లు వచ్చింది. ఎదుటివాడికి లేదని చెప్పేటప్పుడు నాకూ మిగల్లేదు.

బయట మెట్ల మీద కూర్చున్నాక అడిగాను. "ఏమప్పా మస్తానూ, ఒక్క మాటన్నా అనకపోతివే!"

"ఇంకా నెలపైన ఉండాది సారూ. ఇప్పుడు చెయ్యి లేస్తే గాటు పోతాది."

"గుండే వీళ్ల దగ్గరుండాది. గాటు యాడ పెడతారప్పా?"

అతను నన్ను ఎగాదిగా చూశాడు. "రాయి ఈడుంటే మాత్రం నా మాట నాకాడ ల్యాకుండా పోతాదా?"

నాలాంటి వదరుబోతుకు ఆ ఒక్క మాటే పెద్ద శిక్ష.

రెండోరోజు: క్యారంబోర్డు

ఖాళీ చేతులతో ఊరికి పోవడానికి మనసొప్పలేదు. ఆ రోజు ఆదివారం. లాడ్జి పక్కన ఇడ్లీలు తిన్నాము. చట్నీలో చక్కెర వేశారేమో, మస్తాను తన సంచిలోంచి శెనక్కాయల పొడి తీసి ఇద్దరి ప్లేట్లలో చల్లాడు. పక్క బల్లవాళ్లు కూడా అడిగి తీసుకున్నారు. హైదరాబాదు మానుంచి అడిగి తీసుకున్నది అదొక్కటే.

మ్యూజియం వెనక వరండాలో కాపలావాళ్లు క్యారమ్స్ ఆడుతున్నారు. వాళ్లలో పెద్దాయన మా మాట విని తల తిప్పాడు. "యా ఊరబ్బా మీది?"

ఆయన పేరు ఓబులేసు. వేంపల్లె మనిషి. పటాలంలో పదిహేడేళ్లు చేసి, పింఛను చాలక ఈడ కాపలాకు చేరాడు. మా కథంతా విన్నాడు.

"అది దించిన పొద్దు నేనీడనే ఉండా. కిందంతా గాట్లుంటే ఏందబ్బా ఇది అనుకున్యా. గాట్లుండే పక్క కొంచెం చదునుగా ఉండాదని, ఆ పక్కను కడియంమీద ఆన్చి కిందికి పెట్టిచ్చినారు. నేను శానా గుండ్లు చూసినా, గాట్లుపెట్టిన గుండు యాడా చూళ్లేదు. ఇంగ బోర్డేమో ఐదుగురు ఎత్తాలంటాది! దాని చుట్టూ రెండు చేతులకే చోటుండాదప్పా. ఇద్దరు పట్టుకున్నా జారతాది. క్రేనుతో దించినారు మేమేం చెయ్యల్యాక."

"ఒక్కడే ఎత్తాలన్నా. కడుపుకు ఆన్చుకోని" అన్నాడు మస్తాను.

"ఎత్తినావా?"

"పోయిన పండక్కి."

ఓబులేసు స్ట్రైకరు కింద పెట్టి మస్తాను భుజాలు ఒకసారి చూశాడు. "మా సారు పదకొండుకు అతిథుల్ని తోలుకోని వస్తాడు. ఆడనే ఉండండి" అన్నాడు.

పదకొండుకు అధికారి పాతికమందితో వచ్చాడు. గుండు ముందు ఆగి, నిన్నటి గొంతుతో కాక రేడియో గొంతుతో, "దీన్ని ఎత్తడానికి ఐదుగురు సైనికులు కావాలి" అన్నాడు. అందరూ అబ్బో అన్నారు.

నేను బడిపిల్లవాడిలా చెయ్యెత్తాను. "అయ్యా, ఒక సందేహం. ఒక్కడే ఎత్తితే?"

ఆయన నన్ను గుర్తుపట్టాడు. అంతమంది ముందు కసురుకోలేక చిరునవ్వు పెట్టాడు. "ఒక్కడు ఎత్తితే ఈ బోర్డు పీకేస్తాను మాస్టారూ."

"ఎత్తి చూపించడానికి మీ అనుమతి ఉందా?"

"నిక్షేపంగా!" అన్నాడు నవ్వుతూ. అతిథులూ నవ్వారు. నా ఆకారాన్ని చూసి నేనే ఎత్తుతానని అనుకున్నారు కాబోలు.

మస్తాను ముందుకు వచ్చాడు. రాయి నూనెతో జారుతోంది. భుజం మీది తువ్వాలుతో తుడిచాడు. ఓబులేసు ఎక్కడినుంచో క్యారంబోర్డు పౌడరు డబ్బా తెచ్చి అతని అరచేతుల్లో గుమ్మరించాడు. మస్తాను కళ్లు మూసుకుని పీరు పేరు మెల్లగా తలుచుకుని, వంగి గుండును కౌగిలించుకున్నాడు. కడియం మీంచి రాయి లేచింది. ముందు కడుపు మీదికి, అక్కడినుంచి రొమ్ము మీదికి, ఒక్క ఊపున భుజం మీదికి. హాలంతా ఊపిరి బిగబట్టింది. మెడ నరాలు తాళ్లలా లేచాయి. అలాగే ఫిరంగి చుట్టూ ఒక్క చుట్టు తిరిగాడు, మా ఊళ్లో గుండం చుట్టూ తిరిగినట్టు. రొమ్ము మీద చెయ్యిపెట్టి నెట్టిన అటెండరు దారి ఇవ్వడానికి గోడకు అతుక్కుపోయాడు.

"దించు, దించు! జాగ్రత్త!" అధికారి అరుస్తున్నాడు.

దిమ్మె దగ్గరికి వచ్చేసరికి నేను మస్తాను చెవి దగ్గర ఒక్క మాట అన్నాను. "గాట్లు పైకప్పా."

అతను భుజం మీదే రాయిని తిప్పి, పసిబిడ్డను పడుకోబెట్టినట్టు కడియం మీద కూర్చోబెట్టాడు. పదకొండు గాట్లు వెలుతుర్లో పడ్డాయి. నంబరు కిందికి పోయింది. చప్పట్లు మోగాయి. ఒక పెద్దావిడ గాట్లు చూపించి ఇవేమిటని అడిగితే, ఏడాది కట్టుబాటుతో సహా అందరికీ వినబడేట్టు చెప్పాను. పాఠం అంత బాగా ఉద్యోగంలో ఉన్నప్పుడు కూడా చెప్పలేదు.

"బోర్డు పీకుతానన్నారు" అని గుర్తుచేశాను.

"దానికి కమిటీ ఉందండీ" అని ఆయన అతిథుల్ని పక్క గదిలోకి మళ్లించాడు.

బోర్డు ఉంది. గుండూ ఉంది. మేము చుట్టకుదురును ఖాళీగానే చంకన పెట్టుకుని బస్సెక్కాము. వచ్చేటప్పుడు కండక్టరు వేరేవాడు, అయినా ఇందులో ఏముందని అడగలేదు. మా ముఖాలు చూసి ఎవరూ అడగరు.

ఊరికి వచ్చాక

నెలరోజులకు ఫోను వచ్చింది. అధికారి గొంతు. రేడియో గొంతు కాదు, నిన్నా మొన్నా నిద్రపోనివాడి గొంతు.

"మాస్టారూ, చిన్న ఇబ్బంది. మాకు వస్తువుల తనిఖీ ఉంది. ఆ గుండు మీద నంబరు కనబడాలి."

"కిందికి పోయింది కదండీ."

"అందుకే. ఇద్దరు ముగ్గురు ప్రయత్నించారు, జారిపోతోంది. ఒకతని కాలి బొటనవేలు... సరే, వదిలేయండి. క్రేను తెప్పించాలంటే మంజూరు కావాలి, తనిఖీ లోపల రాదు. ఆ మస్తాను గారిని ఒక్కసారి పంపిస్తారా? బస్సు చార్జీలు, భోజనం మావే."

గారు! నాకు చెవులు చల్లబడ్డాయి. పక్కన అరుగు మీద మస్తాను కూర్చుని ఉన్నాడు. ఫోను అరచేత్తో మూసి సంగతి చెప్పాను. అతను తల అడ్డంగా ఊపాడు. "పండగ పది దినాలుండాది. నేను ఊరు దాటను సారూ."

"మస్తాను గారు పండుగయ్యేదాకా ఊరు దాటరండీ" అన్నాను.

"అయ్యో! మరి ఏం చేద్దాం?"

"గుండునే ఇక్కడికి పంపండి. ఈడ తిప్పిస్తాం."

"పంపితే... తిరిగి ఇస్తారు కదా మాస్టారూ?" అన్నాడు.

"ఆ సంగతి నా చేతిలో లేదు. పీర్ల సావిడి పెద్దల పేరుమీద దరఖాస్తు పెట్టుకోండి. చూస్తాం" అన్నాను. ఆయన ఇంకేదో అనబోతుంటే ఫోను నేనే ముందు పెట్టేశాను.